అత్త తవ్విన గుంత

తెల్లగా తెల్లవారింది. అంజనమ్మ వాకిట్లో నీళ్ళు చల్లి, నడుం వంచి ముగ్గు పెడుతోంది. కాలువ మీదుగా వచ్చే గాలికి ముగ్గుపిండి వేళ్ళ సందుల్లోంచి ఎగిరిపోతుంటే, విసుక్కోవడానికి బదులు నవ్వుకుంది. ఈ గాలి కోసమే కదా పట్టుబట్టి ఇక్కడ ఇల్లు కట్టించుకున్నది!

కర్నూలు శివార్లలో, కాలువ గట్టు పక్కనున్న జామతోటను స్థలాలుగా చీల్చి, మధ్యన బారుగా వీధి తీసి, ఇళ్ళు కట్టుకున్న చోటది. అందుకే తోటపేట అన్నారు. పెరట్లో నిలబడితే చిలకల గోల. వీధి చివరికి నడిస్తే ఊరు. జట్కా మాట్లాడుకోకుండానే పెద్ద బజారు, ధర్మాసుపత్రి, హైస్కూలు అన్నీ అందుతాయి. ఎండాకాలంలో ఊరంతా పెనం మీద రొట్టెలా కాలుతున్నా, ఇక్కడ మధ్యాహ్నం కునుకు పడుతుంది. ఉన్నవాళ్ళంతా వర్తకులు, కచేరీ గుమాస్తాలు, ఒక ప్లీడరు. మరి అంజనమ్మ వాళ్ళు? "మాది బట్టల వ్యాపారమక్కా" అని వచ్చిన కొత్తలోనే అందరికీ చెప్పేసింది.

పూర్తిగా అబద్ధమని అనలేం. మొగుడు కాశన్నకు పెద్ద బజారులో నూలు అంగడి ఉన్న మాట నిజమే. కాకపోతే తాను కోడుమూరు మగ్గాల వీధిలో పుట్టి, అక్కడే మెట్టిన సంగతి, పెళ్ళయ్యేదాకా నూలు కండెలు చుట్టిన సంగతి, చేతులకు గంజి వాసన వదలని సంగతి ఎవరికీ చెప్పలేదు. అడగనిది మనమెందుకు చెప్పాలి అనుకుంది. అలా అనుకున్నవాళ్ళకు నిద్ర బాగా పడుతుంది లెండి, కొన్నాళ్ళ పాటు.

ముగ్గు ఇంకా పూర్తి కాలేదు. ఇంటి వెనక గదిలోంచి దబ్బుమని చప్పుడు. మళ్ళీ దబ్బు. గోడ కూడా అదిరింది.

అంజనమ్మ ముగ్గు గిన్నె కింద పెట్టేసింది. అత్త హనుమమ్మ గడ్డపార అందుకున్నట్టుంది!

హనుమమ్మ సంగతి చెప్పుకోవాలి. మొగుడు పోయేసరికి ఆమెకు చంకలో బిడ్డ కాశన్న ఒక్కడే. ఆడది మగ్గం గుంతలో దిగి నేయడమేంటని వీధి వీధంతా బుగ్గలు నొక్కుకుంటే, "గుంతకు ఆడా మగా తెలుస్తాదా?" అని దిగింది. దిగి, నేసి, కొడుకును చదివించి, అంగడి పెట్టించింది. కొడుకు బతిమాలి తోటపేటకు తెచ్చుకుంటే వచ్చింది గానీ, నాలుగు రోజులు కూర్చునేసరికి కాళ్ళు పట్టేశాయి. "మగ్గం లేకుంటే నాకు పొద్దు పోదురా" అంది. కాశన్నకు తల్లి మాటంటే వేదం. "వెనక గది నీదేమ్మా. ఆదోనికి పోతాండా, వచ్చేటప్పుడు కోడుమూరులో మన మగ్గం బండి మీదేసుకొని వస్తా" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఇక ఆమె ఆగుతుందా? మగ్గం వచ్చేలోగా గుంత సిద్ధంగా ఉండొద్దూ!

"ఏం మే అంజనమ్మా! లోపల ఏంది ఆ చప్పుడు?"

ప్రహరీ మీంచి తల పెట్టింది పక్కింటి నాగేంద్రమ్మ. పేటకు పెద్దదిక్కైన శనక్కాయల వర్తకుడు కేశవయ్య భార్య. మనసు మంచిదే. నోరే, పూటకు ఒక్క సంగతైనా అటూ ఇటూ మోయకపోతే ఊరుకోదు.

"ఏం లేదక్కా…"

"ఏం లేదేంది, మా ఇంట్లో చెంబులు అదురుతాండాయి! నవాబు దాచిపెట్టిన లంకెబిందెలు గానీ దొరికినాయా ఏంది?"

జొన్నల పాతర తవ్విస్తున్నామని అనొచ్చు. ఈ సీమలో పాతర లేని ఇల్లుందా? ఎలకలు బొక్కలు చేశాయని అనొచ్చు. పోనీ, మగ్గానికి గుంత తవ్వుతోందని నిజమే చెప్పొచ్చు. ప్రాణమేం పోదు కదా! కానీ మొన్ననే బావి దగ్గర ఎవరో "ఇది మర్యాదస్తుల పేట, మగ్గాల వీధి కాదు" అని ఏదో మాట మీద అనడం అంజనమ్మ చెవిలో ముల్లులా ఉండిపోయింది. నోరు తెరిచేసరికి అందులోంచి వచ్చిన మాటకు ఆమే అదిరిపడింది.

"మా అత్తకు… తల సరిగా లేదక్కా."

"అయ్యో నా తల్లీ! చూస్తే అట్ల అగపడదే!"

"పైకి తెలీదు. మామ పోయినప్పట్నుంచీ ఒక్కోతూరి ఇట్ల… నేల తవ్వుతాది."

నాగేంద్రమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంగుతో ఒత్తుకుంటూ, "ఎంత ఓర్చుకుంటాండావు మే! ఒక్క మాటన్నా చెప్పల్యా మాకు" అంది. అంజనమ్మ తల దించుకుంది. ఆ దించుకోవడాన్ని కూడా నాగేంద్రమ్మ దుఃఖమనే అనుకుంది. మజ్జిగ చిలికి వెన్న తీసేలోగా తోటపేటంతా తెలిసిపోయింది.

గుంత పూర్తయింది. హనుమమ్మ దాని అంచులు ఎర్రమట్టితో మెత్తి, పేడతో అలికి, కోడలిని పిలిచింది. "నా చేత్తో బొట్టు పెట్టకూడదు గదా. నువ్వే పసుపు కుంకుమ పెట్టి దీపం ముట్టించు మే" అంది. అంజనమ్మ గబగబా ఆ పని కానిచ్చి వంటింట్లోకి పారిపోయింది.

తర్వాత నేతపని తెలిసిన ఏ మనిషైనా చేసే పనే హనుమమ్మ చేసింది. అంచున కూర్చుని కాళ్ళు గుంతలోకి జారవిడిచింది. గుంత మనిషి కాళ్ళకు సరిపోవాలి. లోతు ఎక్కువైతే తొక్కుడు అందదు, తక్కువైతే మోకాళ్ళు ఎత్తుకొస్తాయి. అందుకని లేని తొక్కుడుచెక్కల్ని ఒకటి మార్చి ఒకటి తొక్కింది. లేని నాడెను పోగుతో సహా ఇటునుంచి అటు విసిరి అందుకుంది. లేని పలకను పోగు బిగిసేలా ముందుకు లాగి కొట్టింది. కాళ్ళకూ చేతులకూ లెక్క కుదరడంతో సంతోషమేసి కూనిరాగం కూడా తీసింది.

సరిగ్గా అప్పుడే నాగేంద్రమ్మ చేతిలో సొరకాయతో పెరటి దారిన వచ్చి కిటికీలోంచి చూసింది. నడుం దాకా గుంతలో దిగి, ముందు దీపం పెట్టుకుని, గాల్లో చేతులాడిస్తూ, ఊగుతూ పాడుతున్న ముసలమ్మ! సొరకాయ అక్కడే పడేసి ఇంటికొచ్చి, చల్లనీళ్ళు తాగితే గానీ ఆమెకు ఊపిరాడలేదు.

ఆనాటి నుంచీ హనుమమ్మ వీధిలోకి వస్తే చాలు, మాటలు ఆగిపోయేవి. ఆమెకు మాత్రం అది ఇంకోలా తోచింది.

"ఈ పేటోళ్ళు శానా మర్యాదస్తులు మే," అంది ఒక పొద్దున, బావి నుంచి తెచ్చిన బిందె దించుతూ. ముఖం వెలిగిపోతోంది. "నేను పోతే చాలు, అందరూ పక్కకు జరిగి దారి ఇడుస్తాండారు. కోడుమూర్లో నాకెవురిచ్చినారు దారి? బిందెలు తోసుకొని తోసుకొని భుజాలు కాయలు కాసిపాయ. కాశన్న తల్లినని ఈడ అందరికీ తెలిసిపోయినట్టుండాది!"

అంజనమ్మ చేతిలోని చేటలోంచి కొర్రలు ఒలికిపోయాయి. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆ వెలుగుతున్న ముఖం చూసి మింగేసింది. ఆయన రానీ, వచ్చాక ఆయనతోనే చెప్పిద్దాం అనుకుంది. పిరికితనానికి ఎప్పుడూ ఒక మంచి సాకు దొరుకుతుంది.

ఆ సాయంత్రమే గుమాస్తా భార్య సుందరలక్ష్మి కూతురు ఆడుకుంటూ వీళ్ళ అరుగు దగ్గరికి వస్తే, హనుమమ్మ గుప్పెడు వేయించిన శనక్కాయలు ఇవ్వబోయింది. సుందరలక్ష్మి పరుగున వచ్చి పిల్లను ఎత్తుకుని, శనక్కాయలు కిందకి దులిపేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

"దిష్టి తగుల్తాదని భయం గాబోలు పాపం," అంటూ హనుమమ్మ వంగి శనక్కాయలు ఒక్కొక్కటే ఏరుకుంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న అంజనమ్మకు తల కొట్టేసినట్టయింది. అయినా గడప దాటలేదు.

మర్నాడు మధ్యాహ్నం కేశవయ్య భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. వెనకాలే సుందరలక్ష్మి. అంజనమ్మ చాప పరిచి, మజ్జిగ తెచ్చి ఇచ్చింది. కేశవయ్య మజ్జిగ ముట్టకుండానే గొంతు సవరించుకున్నాడు.

"సూడమ్మా, కాశన్న ఊర్లో లేడని తెలుసు. అయినా ఇది ఆలస్యం చేసే పని కాదు. పేటలో చిన్నపిల్లోళ్ళు ఉండారు. ఏ పిల్లోడన్నా ఆ గుంతలో పడితే ఏం గావల్ల?"

"పడరన్నా, తలుపు వేసే ఉంటాది…"

"అంతే కాదు. మంత్రాలయంలో రాయరు సన్నిధిలో సేవ చేసుకుంటే ఇట్లాంటివి శానా మందికి నయమైనాయి. మా వాళ్ళు ఎల్లుండి పోతాండారు. అవ్వను కూడా తోడిచ్చి పంపిస్తాం. మండలం పాటు ఆడనే ఉండనీ. గుంత రేపు మా జీతగానితో పూడ్పిస్తా."

"మీ మంచికే మే," అంది నాగేంద్రమ్మ. "నీ కష్టం సూడలేకనే ఆయనను ఒప్పించి తీసుకొని వచ్చినా."

అంజనమ్మ ఏదో అనబోయి పక్కకు చూసింది. వెనక గది తలుపు దగ్గర హనుమమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో, ఎంత విందో తెలియదు. ముఖం చూస్తే మాత్రం అంతా విన్నదనే తెలుస్తోంది. ఆమె కళ్ళు కేశవయ్య మీద లేవు, నాగేంద్రమ్మ మీద లేవు. కోడలినే చూస్తున్నాయి.

కేశవయ్య లేచి, నాలుగడుగులు ఎడంగానే నిలబడి, పసిపిల్లతో మాట్లాడినట్టు గొంతు పెంచాడు.

"ఏమవ్వా! గుంత ఎందుకు తవ్వినావు? చెప్పు, భయపడాకు. ఎవురూ కొట్టంలే!"

అయిపోయింది అనుకుంది అంజనమ్మ. ఒక్క మాట చాలు. 'మగ్గానికప్పా' అని అత్త అంటే తన బతుకు వీధిన పడుతుంది. అబద్ధాలకోరని, కడుపుకు అన్నం పెట్టిన అత్తనే పిచ్చిదని చాటిందని పేట పేటంతా ఉమ్ముతుంది. కళ్ళు మూసుకుంది.

"మా ఆయన కోసం తవ్వినానప్పా," అంది హనుమమ్మ.

అంజనమ్మ కళ్ళు తెరిచింది.

"మన్ను కిందనుంచి పిలుస్తాండాడు. ఇంక రోంత తవ్వితే అగపడతాడు." అని హనుమమ్మ నవ్వింది. పిచ్చివాళ్ళు ఎలా నవ్వుతారో ఆమెకేం తెలుసు? తెలిసినంతలో నవ్వింది. మధ్యలో దగ్గు వచ్చి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. ముడి విప్పేసుకుని నెరిసిన జుట్టు ముఖం మీదకి లాక్కుంది.

"అయ్యో పాపం," అని సుందరలక్ష్మి వెనక్కి జరిగింది.

"వద్దత్తా! వద్దు!" అంజనమ్మ అరిచింది. ఆ అరుపు ఆమెదిలా లేదు. "ఆమెకేం లేదన్నా! ఆమెకు పిచ్చి లేదు! నేనే అబద్ధం చెప్పినా. అది మగ్గం గుంత. మా అత్త నేత నేస్తాది. మా అమ్మా నాయనా నేసినారు, నేను కండెలు చుట్టినా. మాది బట్టల వ్యాపారం కాదు, మగ్గం. మీ ముందర చిన్నతనమని… నేనే… ఈ నోటితోనే…"

అక్కడే కూలబడిపోయింది.

కేశవయ్యకు చెవులు ఎర్రబడ్డాయి. కొట్టంలే అని ఎవరితో అన్నాడో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. కండువా భుజం మీంచి తీసి, "పెద్దమ్మా, తెలీక మాట్లాడినా, మనసులో పెట్టుకోవద్దు" అని రెండు చేతులూ జోడించి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే బయటపడ్డాడు. వెనకాలే సుందరలక్ష్మి. నిజం ముందే చెప్పి ఉంటే ఈ పేట ఏం చేసేదో! ముక్కు విరిచేదో, ముచ్చటపడేదో. ఆ సంగతి ఇక ఎవరికీ తెలియదు. నాగేంద్రమ్మ మాత్రం అంజనమ్మ వైపు ఒక్క చూపు చూసి, బొట్టు కోసం కూడా ఆగకుండా వెళ్ళిపోయింది.

హనుమమ్మ జుట్టు ముడి వేసుకుని గదిలోకి వెళ్ళింది. తిట్టలేదు. అన్నానికి పిలిస్తే, "ఆకలి లేదు మే" అంది. ఆ గొంతులో కోపమన్నా ఉంటే అంజనమ్మ బతికిపోయేది.

తెల్లారగానే అంజనమ్మ తలస్నానం చేసి కుంకుమ బరిణె తీసుకుంది. పేరంటానికి పిలిచినట్టు ఇంటింటికీ వెళ్ళింది. మొదటి గడపలోనే మొదలుపెట్టింది. "మా… మా అత్తకు పిచ్చి లేదమ్మా. నేనే అబద్ధం చెప్పినా. మగ్గం వస్తాండాది, నిలబెట్టిన నాడు మా ఇంటికి రండి." ఆ ఇల్లాలు బొట్టు పెట్టించుకుని తలుపు దగ్గరగా వేసేసుకుంది. ప్లీడరు భార్య లోపల్నుంచే "విన్నాంలే" అంది. సుందరలక్ష్మి ఏడ్చింది, శనక్కాయలు గుర్తొచ్చి. ఒక్కో గడప దిగుతుంటే అంజనమ్మకు ఒళ్ళు కాస్త తేలికైనట్టు అనిపించింది. చెప్పేశాను కదా, పదిమందిలో తల వంచాను కదా, ఇక దేవుడు చూసుకుంటాడు అనుకుంది.

చివరకు నాగేంద్రమ్మ గుమ్మం ఎక్కింది. నాగేంద్రమ్మ బొట్టు పెట్టించుకుంది. కూర్చోమనలేదు.

"అందరి ఇండ్లకూ పోయినావంట?"

"పోయినాక్కా. అందరికీ చెప్పినా. తప్పయిపాయ, మన్నించు."

"మేం మన్నించేదేముండాది? మాకేం జేసినావు నువ్వు? ఇంట్లో ఉండే మనిషికి చెప్పినావా ఈ మాట?"

అంజనమ్మ కుంకుమ బరిణె మూత పెట్టి, మళ్ళీ తీసింది.

"చెప్పల్యా," అంది నాగేంద్రమ్మ. "నాకు తెలుసు. అబద్ధం చెప్పినప్పుడూ నీకు మా మర్యాదే కావల్సి వచ్చె. ఈపొద్దు నిజం చెప్పినా మా మర్యాదకే వచ్చినావు. పో మే, ఇంటికి పో."

వీధి ఎలా దాటిందో అంజనమ్మకు తెలియదు. ఇంట్లోకి వచ్చేసరికి వెనక గదిలో మన్ను పడుతున్న చప్పుడు. హనుమమ్మ గోడ వారన పోసిన మట్టిని గంపతో ఎత్తి గుంతలో పోస్తోంది. మూలన ఆమె బట్టల మూట కట్టేసి ఉంది.

"ఏం చేస్తాండావత్తా?"

"పూడుస్తాండా. కాశన్న రాగానే కోడుమూరు పోతా. మగ్గం ఆడనే ఉండనీ. దానికి ఈడ చోటు చాలదు."

అంజనమ్మ ఇంకేం ఆలోచించలేదు. దబాలున గుంతలోకి దిగి కూర్చుంది. అప్పుడే వంచిన గంపలోని మన్ను ఆమె తల మీదా ఒళ్ళోనూ పడింది.

"ఏంది మే ఇది! లెయ్, మన్ను పడతాది!"

"పడనీ. నా మీదనే పొయ్యి. నన్ను తిట్టత్తా. నాలుగు తగిలించు. ఎందుకు ఒప్పుకుంటివి పిచ్చిదాన్నని? ఎందుకు నవ్వితివి అట్ల? నన్ను ఆడనే నిలదీసి ఉంటే నాకు ఈ బాధ ఉండేది కాదు గదా!"

హనుమమ్మ గంప పక్కన పెట్టి, అంచున మెల్లగా చతికిలబడింది. చేతుల మట్టి దులుపుకుంది.

"నువ్వు సిగ్గుపడినందుకు కాదు మే," అంది చివరకు. "నేను మాత్రం పడల్యా? గుంతలో దిగిన కొత్తలో వీధి నవ్వుతాందని తలుపులేసుకొని నేసినా. నువ్వు ఈ ఇంటి మీద ప్రాణం పెట్టుకొని ఉండావు. రేపు ఈ వీధిలో తలెత్తుకొని తిరగాల్సిన దానివి. నాదేముండాది, ముసిలిదాన్ని. పిచ్చిదంటే పిచ్చిదే అనుకుంటి."

"అత్తా…"

"ఆగు. నాకు ఒక్క సంగతికే ఏడుపు వచ్చె." హనుమమ్మ గంపను దూరంగా నెట్టింది. "వాళ్ళు నన్ను చూసి పక్కకు జరుగుతాంటే మర్యాద అనుకుంటి సూడు. నీ దగ్గరికి వచ్చి గొప్పగా చెప్పుకుంటి. నా బతుక్కు ఇప్పుడన్నా ఒకరు దారి ఇచ్చినారు అని ఎంత సంబరపడితినో. నువ్వు వింటా నిలబడితివే గానీ, అప్పుడన్నా చెప్పకపోతివే అంజనమ్మా!"

అంజనమ్మ గుంత అంచున ఉన్న అత్త పాదాలను రెండు చేతులా పట్టుకుని, వాటి మీద నుదురు ఆనించి, "తప్పయిపాయ. నీకే చెప్పల్ల ముందు. నీకే తప్పు చేసినా" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంటింటికీ తిరిగి చెప్పినప్పుడు తేలికైన ఒళ్ళు, ఇప్పుడు అసలు బరువు ఎంతో తెలిసి వంగిపోయింది.

హనుమమ్మ పాదాలు వెనక్కి తీసుకోలేదు. చాలాసేపటికి వంగి, కోడలి జుట్టులో ఇరుక్కున్న మట్టిబెడ్డలు ఒక్కొక్కటే తీసి పక్కన పడేసింది.

"చాల్లే, లెయ్. రేపో ఎల్లుండో నా కొడుకు మగ్గం తెస్తే యాడ పెట్టల్ల?"

అంజనమ్మ తలెత్తి చూసింది.

"అట్ల సూస్తావేంది? నేను పోసిన మన్నంతా నువ్వే ఎత్తల్ల. నేను ముట్టను."

అంజనమ్మ కొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులతో మన్ను ఎత్తి గట్టు మీద వేయడం మొదలుపెట్టింది. ఏడుపు ఆగలేదు. అత్త ఆపమని అనలేదు కూడా.